వేబ్రిడ్జి చీటీ నుంచి ఎక్సెల్ రిపోర్టు దాకా: మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఆఫీసులో నా అనుభవం

జూన్, జూలై వచ్చాయంటే చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీల ఆఫీసుల్లో ఊపిరి సలపదు. గేటు బయట తోతాపురి లోడ్లు బారులు తీరి ఉంటాయి. లారీని లోడుతో సహా తూచే కాటా అయిన వేబ్రిడ్జి మీద తూకం రాత్రీ పగలూ నడుస్తుంది. ఏ పూటకా పూట మేనేజరుకు మూడు లెక్కలు కావాలి: ఎంత కాయ దిగింది, ఎంత గుజ్జు తయారైంది, ఏ రైతుకు ఎంత ఇవ్వాలి. మొదటిది వేబ్రిడ్జి సాఫ్ట్‌వేర్లో ఉంటుంది, రెండోది ప్రొడక్షన్ సాఫ్ట్‌వేర్లో, మూడోది టాలీ అనే అకౌంట్స్ సాఫ్ట్‌వేర్లో. అడిగేవాళ్లందరికీ మాత్రం ఎక్సెల్‌లోనే కావాలి. ఈ మూడింటినీ ఎక్సెల్‌కు కలపడం నేను చేసిన పని. ఏది ఎందుకు ఆగుతుందో, ఏ అంకె ఎక్కడ చెడుతుందో వరుసగా రాస్తున్నాను.

ముందు ఆఫీసులో ఏముందో రాసుకోవాలి. మా దగ్గర వేబ్రిడ్జి గదిలో పాత కంప్యూటరు, అందులో మైక్రోసాఫ్ట్ ఆఫీసు 2010. తూకం చీటీలన్నీ ఎండీబీ ఫైల్లో, అంటే మైక్రోసాఫ్ట్ యాక్సెస్ డేటాబేసు ఫైల్లో, పడతాయి. అకౌంట్స్‌లో టాలీప్రైమ్, మైక్రోసాఫ్ట్ 365 ఎక్సెల్. ప్రొడక్షన్ సాఫ్ట్‌వేరు డేటా ఎస్‌క్యూఎల్ సర్వర్ అనే డేటాబేసులో ఉంటుంది, దాని రిపోర్టులకు ఎక్స్‌పోర్ట్ బటన్ ఉంది. స్టోర్స్‌లో లిబ్రెఆఫీస్ అనే ఉచిత ఆఫీసు సాఫ్ట్‌వేరు. చిన్న ఫ్యాక్టరీల్లో ఎక్కడ చూసినా దాదాపు ఇదే కలగూరగంప.

రాసుకునేటప్పుడు ప్రతి మెషీనుకూ ఎదురుగా, అందులోని ఆఫీసు సాఫ్ట్‌వేరు 32-బిట్ రకమా 64-బిట్ రకమా అన్నది తప్పకుండా ఉండాలి. ఎక్సెల్ తెరిచి ఫైల్, అకౌంట్, అబౌట్ ఎక్సెల్ నొక్కితే పై వరుసలో వెర్షన్ నంబరుతో పాటు ఇది కనిపిస్తుంది. 2010లో అయితే ఫైల్, హెల్ప్ కింద ఉంటుంది. విండోస్ 64-బిట్ అయినంత మాత్రాన ఆఫీసు కూడా 64-బిట్ అని అనుకోవడానికి లేదు. 2016 దాకా ఆఫీసు సెటప్ మామూలుగా 32-బిట్‌నే వేసేది, 2019 నుంచి 64-బిట్ వేస్తోంది. అందుకే ఒక కంప్యూటరు మార్చినప్పుడో, విండోస్ మళ్లీ వేయించినప్పుడో ఏళ్ల తరబడి నడిచిన రిపోర్టు ఉన్నట్టుండి ఆగిపోతుంది. అప్పుడు వేబ్రిడ్జి గదిలోంచి వచ్చే ఫోను ఇలాగే ఉంటుంది: "అన్నా, నిన్నటిదాకా బాగానే వస్తా ఉండె, ఈ పొద్దు రిపోర్టు నొక్కితే ఏందో ఎర్రర్ అంటా ఉండాది."

ఆ ఎర్రర్ రెండు రకాల్లో ఒకటై ఉంటుంది. యాక్సెస్ ఫైళ్లను చదివించే డ్రైవరైన ఏస్ ఓలెడీబీ 12.0 ప్రొవైడర్ ఈ మెషీన్లో రిజిస్టర్ కాలేదు అన్నది ఒకటి. డీఎస్‌ఎన్‌లో, అంటే డేటా ఎక్కడుందో ఏ డ్రైవరుతో చదవాలో రాసిపెట్టిన సెట్టింగులో, డ్రైవరుకూ అప్లికేషనుకూ ఆర్కిటెక్చర్ కుదరలేదు అన్నది రెండోది. రెండింటికీ మూలం ఒకటే. 64-బిట్ ప్రోగ్రాం 32-బిట్ డ్రైవరును తనలోకి లోడ్ చేసుకోలేదు, 32-బిట్ ప్రోగ్రాం 64-బిట్ డ్రైవరును లోడ్ చేసుకోలేదు. ఎక్సెల్ ఏ బిట్టో డ్రైవరూ ఆ బిట్టే కావాలి. పాత సాఫ్ట్‌వేర్లు వాడే జెట్ 4.0 ప్రొవైడర్‌కు 64-బిట్ రూపమే లేదు. కాబట్టి జెట్ మీద ఆధారపడిన రిపోర్టు 64-బిట్ ఆఫీసులో ఎంత ప్రయత్నించినా కదలదు.

డీఎస్‌ఎన్‌లు చేసేది ఓడీబీసీలో, అంటే ప్రోగ్రాములను డేటాబేసులకు కలిపే విండోస్ పద్ధతిలో. విండోస్ సెర్చ్‌లో ఓడీబీసీ అని కొడితే రెండు వేర్వేరు కిటికీలు వస్తాయి, ఒకటి 32-బిట్ డేటా సోర్సులది, ఇంకొకటి 64-బిట్‌ది. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. డీఎస్‌ఎన్ ఒకదాంట్లో చేసి, ప్రోగ్రాం రెండోదాంట్లో వెతుకుతుంటే పూటంతా పోతుంది. నేను డీఎస్‌ఎన్ పేరులోనే 32 అనో 64 అనో కలిపి పెడతాను, తర్వాత ఎవరు చూసినా అర్థమవుతుంది.

ఒకే మెషీన్లో 32-బిట్ ఆఫీసు పక్కన ఏస్ డ్రైవరునిచ్చే 64-బిట్ యాక్సెస్ డేటాబేస్ ఇంజిన్ వేయబోతే సెటప్ ఒప్పుకోదు, ముందు 32-బిట్ ఆఫీసు తీసేయమంటుంది. ప్రశ్నలడగకుండా నడిపే క్వయట్ స్విచ్‌తో కమాండ్ ప్రాంప్ట్ నుంచి వేస్తే పడుతుంది. అయినా రోజూ పని జరిగే మెషీన్ మీద ఆ దారి నేను తొక్కను. 2010 ఇంజిన్‌ను అలా బలవంతంగా వేస్తే ఆఫీసు తెరిచిన ప్రతిసారీ మళ్లీ కాన్ఫిగర్ చేసుకుంటూ కూర్చునే రోగం పట్టుకుంటుంది. వేబ్రిడ్జి కంప్యూటరును దాని 32-బిట్ ఆఫీసుతో అలాగే ఉంచేసి, రిపోర్టులు తయారయ్యే మెషీన్లన్నీ 64-బిట్ చేయడం నా పద్ధతి. 64-బిట్ 365 ఎక్సెల్ ఎండీబీని తనకు తానే చదువుకుంటుంది, వేరే ఇంజిన్ అక్కర్లేదు. ఒక్క మినహాయింపు: ఆ ఎండీబీ 97 నాటి ఫార్మాట్ అయితే 2013, ఆపై ఆఫీసుల్లో తెరుచుకోదు. 2010 యాక్సెస్‌తో దాన్ని 2002-2003 ఫార్మాట్‌లోకి మార్చుకోవాలి. అంతకు ముందు వేబ్రిడ్జి సాఫ్ట్‌వేరు ఆ కొత్త ఫార్మాట్‌ను చదువుతుందో లేదో ఒక కాపీ మీద చూసుకోవాలి.

ఎండీబీని నెట్‌వర్క్ మీంచి నేరుగా చదవకూడదు. ఎవరు దాన్ని తెరిచినా పక్కనే ఎల్‌డీబీ అనే లాక్ ఫైలు పుడుతుంది. తూకం జరుగుతుండగా ఎక్సెల్ కూడా అదే ఫైలు పట్టుకుంటే చీటీ సేవ్ కాకుండా నిలిచిపోవచ్చు, మధ్యలో వైఫై తెగితే డేటాబేసే పాడవచ్చు. లారీ ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉండగా అది తట్టుకోలేం. టాస్క్ షెడ్యూలర్లో ఒక చిన్న బ్యాచ్ ఫైలు పెట్టి, షిఫ్టు మారేటప్పుడు తూకం ఆగిన నిమిషాల్లో ఎండీబీని షేర్డ్ ఫోల్డరుకు కాపీ చేయిస్తాను. ఎక్సెల్ చదివేది ఆ కాపీనే. ఆ ఫోల్డరు మీద రీడ్ అనుమతి ఒక్కటే ఇస్తే లాక్ ఫైలు రాయలేక ఎర్రర్ రావచ్చు, రైట్ కూడా ఇవ్వాలి.

ఇక అసలు విషయం, అంకెలు చెడకుండా రావడం. ఫైలు తెరుచుకోగానే పని అయిపోయిందనుకుంటారు చాలామంది. నష్టం జరిగేది ఆ తర్వాతే, పైగా ఏ ఎర్రరూ కనిపించదు.

ఒక చీటీ తీసుకుందాం. స్లిప్ 1187, తేదీ 05/07/2025, లోడు బరువు 14,380, ఖాళీ బరువు 4,620, నికర బరువు 9,760 కిలోలు. దీన్ని సీఎస్‌వీగా, అంటే కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైలుగా, తీసి, విండోస్ రీజియన్ అమెరికా సెట్టింగులో ఉన్న ల్యాప్‌టాప్‌లో డబుల్ క్లిక్ చేస్తే జూలై 5 కాస్తా మే 7 అవుతుంది. 12వ తేదీ చీటీలు డిసెంబరులోకి పోతాయి. 13వ తేదీ నుంచి ఉన్నవి తేదీలుగా మారలేక టెక్స్ట్‌గా మిగిలి, సెల్‌లో ఎడమవైపు అతుక్కుంటాయి. జూలై నెల మొత్తంలో తన చోట నిలిచేది 7వ తేదీ ఒక్కటే. వరుసలను గుంపులుగా కూడే పివట్ టేబుల్ మాత్రం ఏమీ అనకుండా మొత్తాలు చూపిస్తుంది. కొత్త ల్యాప్‌టాప్ రాగానే కంట్రోల్ ప్యానెల్లో రీజియన్‌ను ఇంగ్లీష్ ఇండియా చేయడం అందుకే. దీనివల్ల ఇంకో లాభం, అంకెలు లక్షలు, కోట్ల లెక్కన కామాలతో వాటంతటవే వస్తాయి. లక్షల కామాల కోసం కొందరు కస్టమ్ నంబర్ ఫార్మాట్ రాసుకుంటారు. అందులో షరతులు రెండే పట్టేది, మైనస్ అంకెలకు చోటు మిగలదు. రీజియన్ మార్చడమే మేలు.

సీఎస్‌వీని అసలు డబుల్ క్లిక్ చేయనివ్వకూడదు. డేటా ట్యాబ్, ఫ్రమ్ టెక్స్ట్ లేదా సీఎస్‌వీ ద్వారా పవర్ క్వెరీలోకి, అంటే బయటి డేటాను తెచ్చి సరిచేసే ఎక్సెల్ భాగంలోకి, తేవాలి. తెచ్చాక అది తనంతట తాను పెట్టుకున్న ఛేంజ్డ్ టైప్ అనే స్టెప్పును ముందు తీసేయాలి. అది మొదటి 200 వరుసలు చూసి కాలమ్ రకం ఊహిస్తుంది, ఊహ తప్పితే కింది వరుసల్లో ఎర్రర్లు వస్తాయి. తీసేశాక ఒక్కో కాలమ్‌కు మనమే రకం ఇవ్వాలి. తేదీ కాలమ్ తల మీద రైట్ క్లిక్ చేసి, ఛేంజ్ టైప్, యూజింగ్ లొకేల్, డేట్, ఇంగ్లీష్ ఇండియా. ఇలా చేస్తే ఆ ఫైలు ఏ రీజియన్ మెషీన్లో రిఫ్రెష్ చేసినా తేదీ తప్పదు.

అంకెల్లా కనిపించినా టెక్స్ట్‌గానే ఉంచాల్సినవి కొన్ని ఉన్నాయి. రైతు బ్యాంకు ఖాతా నంబరు వాటిలో మొదటిది. ఎక్సెల్ ఒక సంఖ్యలో 15 అంకెలే గుర్తుపెట్టుకుంటుంది. 16 అంకెల ఖాతా నంబరు సంఖ్యగా వస్తే చివరి అంకె సున్నా అయిపోతుంది, తర్వాత ఫార్మాట్ మార్చినా వెనక్కి రాదు. ముందున్న సున్నాలూ రాలిపోతాయి. 2025 సీజన్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తోతాపురికి కిలోకు 4 రూపాయల మద్దతు ప్రకటించాక రైతువారీ జాబితాల అవసరం ఎంత పెరిగిందో ఈ పనిలో ఉన్నవాళ్లకు తెలుసు. అలాంటి జాబితాలో ఒక్క అంకె మారితే రైతు డబ్బు ఆగిపోతుంది, లేదా ఇంకొకరి ఖాతాకు పోతుంది. ఆధార్ 12 అంకెలే కాబట్టి అంకెలు పోవు కానీ, మామూలు ఫార్మాట్‌లో ఇంగ్లీషు E గుర్తుతో (1.23E+11 లాగా) కుదించి చూపిస్తుంది. అలా కుదించినదాన్నే మళ్లీ సీఎస్‌వీగా సేవ్ చేస్తే అసలు నంబరు పోయినట్టే. సరుకు రవాణాకు తీసే ఈ-వే బిల్లు నంబరుకూ 12 అంకెలే, అదే ప్రమాదం. మామిడి గుజ్జు హెచ్‌ఎస్‌ఎన్ (జీఎస్‌టీలో సరుకు కోడ్) 0804తో మొదలవుతుంది, సంఖ్యగా వస్తే 804 అయి కూర్చుంటుంది.

ఒక విడతలో తయారైన సరుకుకు వేసే లాట్ నంబర్లది ఇంకో తంటా. 24ఈ07 లాంటి కోడ్‌లో ఉన్నది ఇంగ్లీషు ఈ అక్షరమైతే ఎక్సెల్ దాన్ని 24 పక్కన ఏడు సున్నాలుగా చదువుతుంది. 6-12 లాంటిది తేదీ అయిపోతుంది. ఇప్పటి 365లో ఆప్షన్స్, డేటా కింద ఆటోమేటిక్ డేటా కన్వర్షన్ అనే భాగం ఉంది. ముందు సున్నాలు తీసేయడం, 15 అంకెల తర్వాత కుదించడం, ఇంగ్లీషు E అక్షరాన్ని ఘాతంగా తీసుకోవడం, అక్షరాలూ అంకెలూ కలిసినదాన్ని తేదీ చేయడం, అన్నీ అక్కడ ఆపుకోవచ్చు. ఆ సెట్టింగు మన మెషీనుకే పరిమితం, ఫైలు వేరేచోటికి వెళ్తే దానివెంట పోదు. పక్కా దారి పవర్ క్వెరీలో ఆ కాలమ్‌లను టెక్స్ట్ చేయడమే. సాఫ్ట్‌వేరు రాసేవాళ్లు మన మాట వినే పరిస్థితి ఉంటే, లాట్ కోడ్‌లో ఆ అక్షరం వాడొద్దని ముందే చెప్పాలి.

టాలీ వైపు వద్దాం. టాలీప్రైమ్‌లో ఎఫ్1 నొక్కి సెట్టింగ్స్, కనెక్టివిటీలోకి వెళ్లి, క్లయింట్ సర్వర్ కాన్ఫిగరేషన్‌లో ఓడీబీసీ ఎనేబుల్ ఎస్ పెట్టి, పోర్ట్ 9000 ఉంచి, టాలీని మూసి మళ్లీ తెరవాలి. ఎక్సెల్‌లో డేటా, గెట్ డేటా, ఫ్రమ్ అదర్ సోర్సెస్, ఫ్రమ్ ఓడీబీసీ ఎంచుకుంటే జాబితాలో టాలీ డీఎస్‌ఎన్ కనిపిస్తుంది. 64-బిట్ అయితే దాని పేరులోనే 64 ఉంటుంది, చివర పోర్టు నంబరు ఉంటుంది. టాలీ తెరిచి ఉండాలి, కంపెనీ లోడై ఉండాలి. లేకపోతే కనెక్షన్ కుదరదు. అదే మెషీన్లో రెండో టాలీ తెరిస్తే 9000 అప్పటికే బిజీగా ఉంటుంది, రెండోదానికి 9001 ఇవ్వాలి. లెడ్జర్లు, గ్రూపులు, స్టాక్ ఐటమ్‌లు ఇలా సులువుగా వస్తాయి. వోచర్ల వివరాలకు టాలీ సొంత ప్రోగ్రామింగ్ భాష టీడీఎల్‌లో కోడు రాయించుకోవాలి, లేదా రోజువారీ ఎంట్రీల డేబుక్‌ను ఎక్స్‌పోర్ట్ చేసుకోవాలి.

ఇక్కడ గుర్తులు జాగ్రత్తగా చూడాలి. ఓడీబీసీలో డెబిట్ నిల్వ మైనస్‌గా వస్తుంది, క్రెడిట్ ప్లస్‌గా వస్తుంది. రిపోర్టును ఎక్సెల్‌కు ఎక్స్‌పోర్ట్ చేసినప్పుడు డెబిట్, క్రెడిట్ అనే గుర్తులు సెల్ నంబర్ ఫార్మాట్‌లో ఉంటాయి, సెల్ లోపలి విలువ రెండింటికీ ప్లస్సే. కంటికి రెండూ వేరుగా కనబడతాయి, సమ్ ఫార్ములా మాత్రం రెండింటినీ కూడేస్తుంది. అందువల్ల నిల్వల కోసం ఎక్స్‌పోర్ట్ షీట్ వాడను, ఓడీబీసీ నుంచే తెస్తాను. తెచ్చాక పవర్ క్వెరీలో ఒక కాలమ్ పెట్టి గుర్తు తిప్పుతాను, డెబిట్ ప్లస్ కావాలన్నది అకౌంటెంటుతో ముందే ఖాయం చేసుకుని.

ప్రొడక్షన్ సాఫ్ట్‌వేర్ల ఎక్స్‌పోర్ట్ బటన్ సాధారణంగా రెండు మూడు రకాలు చూపిస్తుంది. పాత ఎక్సెల్ 97-2003 అని ఒకటి, డేటా ఓన్లీ అని ఒకటి ఉంటాయి. మొదటిది కాగితం మీద ప్రింట్ ఎలా వస్తుందో అలా వస్తుంది: సెల్స్ కలిసిపోయి, మధ్యలో ఖాళీ కాలమ్‌లు, ప్రతి పేజీకీ ఫ్యాక్టరీ పేరు, హెడ్డింగు మళ్లీ మళ్లీ. ఫిల్టర్ పెట్టలేం, పివట్ చేయలేం. డేటా ఓన్లీ ఉంటే అదే తీసుకోవాలి. పాత ఎక్స్‌ఎల్‌ఎస్ ఫైల్లో 65,536 వరుసలే పడతాయి, కొత్త ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్‌లో 10,48,576. డ్రమ్ముల వారీ, కార్టన్ల వారీ స్టాక్ కదలికలు కొన్ని సీజన్లవి కలిపి తీస్తే పాత హద్దు తేలిగ్గా దాటుతుంది. అప్పుడు ఎక్స్‌పోర్ట్ కొన్ని సాఫ్ట్‌వేర్లలో రెండో షీట్‌లోకి పోతుంది, కొన్నిట్లో అక్కడే ఆగిపోతుంది. చివరి వరుస నంబరు సరిగ్గా 65,536 అని కనిపిస్తే అనుమానించాల్సిందే. ఇంకో సంగతి, పవర్ క్వెరీ, మైక్రోసాఫ్ట్ రిపోర్టుల సాఫ్ట్‌వేరు పవర్ బీఐ రెండూ ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్‌ను సొంతంగా చదువుతాయి, ఎక్స్‌ఎల్‌ఎస్ చదవాలంటే మళ్లీ ఏస్ డ్రైవర్ కావాలి. కొత్త ఫార్మాట్ వీలున్నప్పుడు పాతది పట్టుకుని వేలాడొద్దు.

వీలైతే ఎక్స్‌పోర్ట్ బటన్‌నే వదిలేయాలి. ఎస్‌క్యూఎల్ సర్వర్లో రీడ్ ఓన్లీ లాగిన్ ఒకటి ఇప్పించుకుని, అవసరమైన వ్యూలు (టేబుళ్లలోంచి ఎంచిన కాలమ్‌లనే చూపించే సిద్ధమైన క్వెరీలు) మాత్రమే చూడనిస్తే, ఎక్సెల్ నేరుగా తెచ్చుకుంటుంది. నా వరకు ఈ మొత్తం పనిలో అన్నిటికంటే ఫలితమిచ్చింది ఇదే. సాఫ్ట్‌వేరు ఇచ్చినవాళ్లు మొదట ఒప్పుకోరు. టేబుళ్లు వద్దు, మూడు వ్యూలు చాలు, రాసే హక్కు వద్దు అని కాగితం మీద అడిగితే సాధారణంగా ఒప్పుకుంటారు.

ఎక్స్‌పోర్ట్ మీదే ఆధారపడక తప్పదంటే, అంకెలు టెక్స్ట్‌గా వచ్చాయేమో ముందు చూడాలి. సెల్ మూలలో చిన్న ఆకుపచ్చ త్రికోణం దాని గుర్తు. సమ్ అలాంటి సెల్స్‌ను చప్పుడు లేకుండా వదిలేస్తుంది. కాలమ్‌కు కౌంట్, కౌంట్‌ఎ రెండూ వేసి చూస్తే తేడా ఎంతో అన్ని అంకెలు టెక్స్ట్‌గా ఉన్నట్టు. అంకె వెనక కనిపించని ఖాళీ, క్యారెక్టర్ 160, ఉంటే ట్రిమ్ దాన్ని తీయదు. సబ్‌స్టిట్యూట్‌తో దాన్ని తీసేసి, ఆ తర్వాత వాల్యూ వాడాలి.

గుజ్జు లెక్కలో యూనిట్లు కలిసిపోకుండా చూసుకోవాలి. గుజ్జును సూక్ష్మజీవులు లేకుండా నింపే ఎసెప్టిక్ డ్రమ్ము మామూలుగా 215 కిలోలు. ఎ10 సైజు డబ్బా 3.1 కిలోలు, కార్టన్‌కు 6 డబ్బాలు, అంటే 18.6 కిలోలు. ప్రొడక్షన్ రిపోర్టు డ్రమ్ములు, కార్టన్లలో వస్తుంది, కాయ రిపోర్టు కిలోల్లో వస్తుంది. ఈ గుణకాలను ఫార్ములాల్లో పొదగకుండా వేరే చిన్న టేబుల్లో పెట్టి, పవర్ క్వెరీలో మెర్జ్ చేస్తాను. కొనేవాడు వేరే బరువు నింపమన్న రోజున ఒక్క సెల్ మారిస్తే చాలు.

రైతుల పేర్లు తెలుగులో ఉంటే మూడు రకాల ఇబ్బందులు చూశాను. పేర్లు యూనికోడ్ కాని అనూ ఫాంట్లలో టైపు చేసినవైతే ఆ ఫాంటు లేని మెషీన్లో ఇంగ్లీషు అక్షరాల చెత్తలా కనిపిస్తాయి. వాటిని యూనికోడ్‌లోకి మార్చుకోవడమే మందు. యూనికోడ్ సీఎస్‌వీని డబుల్ క్లిక్ చేస్తే, ఫైలు మొదట్లో ఎన్‌కోడింగ్ తెలిపే బీఓఎం గుర్తు లేకపోతే పేర్లు చెదిరిపోతాయి. పవర్ క్వెరీలో ఫైల్ ఆరిజిన్ 65001 యూటీఎఫ్-8 అని ఇస్తే కుదురుకుంటాయి. మూడోది మాత్రం బాగుచేయలేం: డేటాబేసులో పేరు కాలమ్ యూనికోడ్ పట్టే ఎన్‌వార్‌క్యార్ రకం కాకుండా వార్‌క్యార్ అయి ఉంటే తెలుగు అక్షరాలు సేవ్ అయ్యేటప్పుడే ప్రశ్నార్థకాలైపోతాయి. కాలమ్ మార్పించి, పేర్లు మళ్లీ ఎక్కించాల్సిందే.

ఎక్సెల్ లోపల రాసుకున్న చిన్న ప్రోగ్రాములైన పాత మాక్రోలు 64-బిట్ ఎక్సెల్‌లో తెరవగానే, విండోస్ ఫంక్షన్లను పిలిచే డిక్లేర్ లైన్ల దగ్గర ఆగుతాయి. అక్కడ పీటీఆర్‌సేఫ్ చేర్చి, హ్యాండిల్స్ ఉన్నచోట లాంగ్ బదులు లాంగ్‌పీటీఆర్ పెట్టాలి. ఫారంలో పాత డేట్ పికర్ కంట్రోల్ ఉంటే 64-బిట్‌లో దానికి బతుకు లేదు, మామూలు టెక్స్ట్ బాక్స్ పెట్టి తేదీ తనిఖీ చేయాలి. మెయిల్లోనో వాట్సాప్‌లోనో వచ్చిన మాక్రో ఫైలు 2022 నుంచి బ్లాక్ అయి తెరుచుకుంటుంది. ఫైలు ప్రాపర్టీస్‌లో అన్‌బ్లాక్ టిక్ పెట్టాలి, అదీ ఎవరు పంపారో తెలిసినప్పుడే.

లిబ్రెఆఫీస్ వాడే స్టోర్స్‌కు అసలు ఫైలు ఇవ్వను. అందులోని కాల్క్ ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్‌ను తెరుస్తుంది, లెక్కలు చూపిస్తుంది, కానీ పవర్ క్వెరీ అందులో పనిచేయదు. అక్కడ సేవ్ చేసిన ఫైలు తిరిగొస్తే క్వెరీలు పోయి ఉండవచ్చు. వాళ్లకు కావాల్సిన షీట్‌ను విలువలుగా కాపీ చేసి వేరే ఫైలుగా ఇస్తే ఎవరి పనికీ అడ్డం ఉండదు.

రోజూ రిఫ్రెష్ అయ్యాక రిపోర్టు పంపే ముందు ఒక తనిఖీ షీట్ చూస్తాను. చీటీల సంఖ్య, మొదటి చీటీ నంబరు, చివరి నంబరు, మధ్యలో తప్పిన నంబర్లు, నికర బరువు మొత్తం ఒకవైపు వేబ్రిడ్జి ప్రింటు నుంచి, ఇంకోవైపు ఎక్సెల్ నుంచి. లోడు బరువులోంచి ఖాళీ బరువు తీసేస్తే నికర బరువుతో కలవని వరుసలు సున్నా ఉండాలి. ఖాతా నంబర్ల పొడవు లెన్‌తో చూస్తే ఒక బ్యాంకువన్నీ ఒకే పొడవు ఉండాలి. బ్యాంకు శాఖ కోడ్ ఐఎఫ్‌ఎస్‌సీ 11 అక్షరాలు, అయిదోది సున్నా. జీఎస్‌టీ నంబరైన జీఎస్‌టీఐఎన్ 15 అక్షరాలు, ముందు రెండు అంకెలు మన ఆంధ్రప్రదేశ్‌కు 37, తమిళనాడుకు 33, కర్ణాటకకు 29. తమిళనాడులోని కృష్ణగిరి సరుకుకూ కర్ణాటకలోని శ్రీనివాసపురం సరుకుకూ మన సరుకుతో కలిపి ఒకే పన్ను పద్ధతి పడిందంటే ఈ రెండంకెల దగ్గరే దొరుకుతుంది.

సాఫ్ట్‌వేరు అప్‌డేట్ వచ్చిన రోజున ఎక్కువగా తగిలే ఎర్రర్, ఫలానా కాలమ్ కనబడలేదు అన్నది. వాళ్లు హెడ్డింగులో ఒక ఖాళీ చేర్చినా, ఒక చుక్క తీసేసినా క్వెరీ ఆగుతుంది. ఆగడమే మంచిది, తప్పు కాలమ్ చదివి నడిచిపోవడం కంటే. ఆ స్టెప్పు తెరిచి కొత్త పేరు ఇస్తే సరి. సీజన్ నడిచే నెలల్లో ఆఫీసుకు గానీ, సాఫ్ట్‌వేర్లకు గానీ వెర్షన్ మార్పులు పెట్టుకోను, సెక్యూరిటీ అప్‌డేట్లు తప్ప. విండోస్ 10కూ, 2016, 2019 ఆఫీసులకూ మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. కాబట్టి ఇంకా వాటిమీద ఉన్నవాళ్లు ఆగస్టు తర్వాత, గేటు ఖాళీగా ఉన్నప్పుడు, మార్పు పెట్టుకోవాలి. మార్చే ముందు పాత మెషీన్ నుంచి రెండు ఓడీబీసీ కిటికీల డీఎస్‌ఎన్ పేర్లు, డ్రైవర్ల పేర్లు, ఆఫీసు బిట్, మాక్రో ఫైళ్ల జాబితా ఫోటో తీసుకోవాలి.

తిరుపతిలో ఉన్న ఆడిటర్‌కు వెళ్లే ఫైల్లో క్వెరీలూ కనెక్షన్లూ ఉంచకుండా విలువలే పెట్టి పంపుతాను. అక్కడ రిఫ్రెష్ నొక్కితే మా నెట్‌వర్క్ దొరక్క అన్నీ ఎర్రర్లే కదా. డేటా, క్వెరీస్ అండ్ కనెక్షన్స్‌లో ఒక్కోటీ డిలీట్ చేసి, ఫైలు పేరులో తేదీని సంవత్సరం, నెల, రోజు వరుసలో పెడితే ఫోల్డరులో పాతదీ కొత్తదీ వాటంతటవే క్రమంలో కూర్చుంటాయి. పేమెంట్ జాబితా అయితే ఖాతా నంబరు కాలమ్ టెక్స్ట్‌గానే ఉందో లేదో పంపే ముందు ఇంకోసారి చూస్తాను.